రోజుకో మచ్చు కాజా

పొద్దున్నే టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, ఇంకెవరి బట్టా ముట్టుకోకముందు కాజాలమ్మ ఒక గుడ్డ పీలిక మీద ఒకే ఒక్క కాజా కుట్టేది. చొక్కాకో కోటుకో గుండీ పట్టడానికి చిన్న చీలిక కోసి, దాని అంచు పీచులు లేవకుండా చుట్టూ దారంతో ముడులు వేసుకుంటూ వస్తారు. దాన్నే దర్జీలు కాజా అంటారు. చూడ్డానికి వేలిగోరంత. తెలిసిన చేతికి పది నిమిషాల పని, తెలియని చేతికి పదేళ్ళ పని.

"మనిషి లేచినంత మాత్రాన చెయ్యి లేచినట్టు కాదు. అది లేచిందో లేదో ముందు చూసుకోవాలి" అనేది.

పీలిక రెండు వేళ్ళ వెడల్పు, మూరన్నర పొడవు. నెలకొకటి. రోజుకో మచ్చు కాజా చొప్పున అది నిండేసరికి నెల వెళ్ళిపోయేది. చివర పెన్సిలుతో నెలా సంవత్సరమూ రాసి, చుట్ట చుట్టి, పాత బిస్కెట్ల డబ్బాలో పడేసేది. ఆదివారం లేదు, ఒంట్లో బాగాలేని రోజు లేదు. కూతురు పుట్టిన మర్నాడు కూడా ఆసుపత్రి మంచం మీద కూర్చుని కుట్టిందని చెప్పుకునేవాళ్ళు. అన్నిటికన్నా గట్టి నియమం ఒకటుంది: మచ్చు కాజా ఎంత చెడ్డగా వచ్చినా విప్పకూడదు.

"ఎందుకే ఈ పేలికలన్నీ దాస్తావు? మ్యూజియం పెడతావా?" అని మొగుడు ఎద్దేవా చేసేవాడు.

"సాక్ష్యం. రేపు నువ్వు కోత తప్పు కోసి నా కుట్టు మీదకు నెడితే చూపించొద్దూ?"

ఆ మొగుడు ఆమె పనిచేసే కోట్ల షాపులోనే కటింగ్ మాస్టరు. షాపులో అందరికీ మాస్టరే, వీధికీ మాస్టరే, చివరికి ఆమెకు కూడా కోపం వచ్చినప్పుడు మాస్టరుగారే. కోపం లేనప్పుడు "ఏమయ్యా".

వాళ్ళ పరిచయం కూడా ఒక తప్పుతోనే మొదలైంది. పెద్ద వీధిలో కోట్లు కుట్టే షాపు అది. కింద అద్దాలు, కొలతలు. మేడ మీద పొడవాటి కోత బల్ల. అంచులు మడిచి కుట్టే తల్లి వెంట ఇరవయ్యేళ్ళప్పుడు ఆమె ఆ షాపులో చేరింది. మూడో రోజే ఒక కోటు చేత పట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

"ఇది కోసిందెవరు?"

అప్పుడప్పుడే కత్తెర చేతికొచ్చిన కుర్ర మాస్టరు తలెత్తాడు. "నేనే. ఏం?"

"గుండీ గుర్తు గింజంత కిందకు పెట్టావు. నేనెంత బాగా కుట్టినా పొట్ట దగ్గర నోరు తెరుస్తుంది."

"ఆయనకు పొట్టుంది. నోరు తెరవక పాట పాడుతుందా?"

"పొట్ట ఆయనది. గుర్తు నీది."

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. అతను టేపు తీసి కొలిచాడు. నిజమే, గింజంత. ఆ గింజంత తేడాకే పడిపోయానని పెళ్ళయ్యాక మాస్టరు వచ్చిన చుట్టానికల్లా చెప్పేవాడు. "గింజంత కాదు, రెండు గింజలు" అని వంటింట్లోంచి ఆమె దిద్దేది.

కాజాలు కుట్టే మిషన్లు వచ్చాయి. నిమిషానికో కాజా. షాపాయన కూడా ఒకటి కొని, ఆమెను పిలిచి చూపించాడు. ఆమె ఆ కాజాను గోటితో అటూ ఇటూ గీకి, "పని బాగానే చేస్తుందండీ, బుద్ధే లేదు" అంది. చొక్కాలు మిషనుకు పోయాయి. కోట్లు మాత్రం ఆమెకే మిగిలాయి. వయసు పెరిగాక మూటలు ఇంటికే వచ్చేవి. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, ఎడమ చేత్తో బట్ట బిగించి పట్టుకుని, కుడి చేత్తో సూది ఆడించేది. నడిమి వేలికి ఇత్తడి వేలితొడుగు. నలభై ఎనిమిదేళ్ళ సూది పోట్లకు అది తేనెపట్టులా గుంటలు పడిపోయింది.

మాస్టరు విద్య వేరు. ఒక భుజం వాలిన మనిషి వస్తే, ఏమీ అనకుండా ఆ పక్క లోపల కాస్త దూది ఎక్కువ పెట్టించేవాడు. గూని ఉంటే వీపు ముక్క కోతలో మింగేసేవాడు. అద్దం ముందు నిలబడ్డ మనిషికే తన లోపం కనపడేది కాదు. అలా ఎంతమంది వంకరలు కప్పాడో లెక్కలేదు. ఒక్కరి సంగతీ ఇంకొకరికి చెప్పలేదు. లోపం కప్పడమే పని అనుకున్నాడు. అదే కొంప ముంచింది.

ఆమెకు అరవై ఎనిమిది, ఆయనకు డెబ్బై రెండు. ఒక ఎండాకాలం పొద్దున ఇద్దరూ టీ తాగుతున్నారు. ఉన్నట్టుండి ఆమె నోటి ఎడమ కొస కిందకు లాగింది, ఎడమ కన్ను మూతపడింది, ఎడమ చెయ్యి ఒక్కసారి ఎగిరి పడింది. ఎవరో దారం కట్టి గుంజినట్టు. రెండు సెకన్లు. అంతే, మామూలు. టీ మాత్రం ఒళ్ళో పడింది.

"ఏంటే, ఈ వయసులో కన్ను కొడుతున్నావు?"

"నీకు కొట్టడానికా? అంత కరువొచ్చిందా నాకు?" అని ఆమె ఒళ్ళు తుడుచుకుంది.

మర్నాడు ఐదుసార్లు. వారం తిరిగేసరికి లెక్క తప్పింది. ఆమెకు చాలాసార్లు తెలిసేదే కాదు. "ఏం చెయ్యి? ఎవరి చెయ్యి?" అని ఎదురడిగేది. ఇంకో వింత కూడా మొదలైంది. మిట్టమధ్యాహ్నం చెయ్యి చాపి, "ఇటు చూడయ్యా, చలి పాకుతోంది" అనేది. మణికట్టు దగ్గర మొదలై మోచెయ్యి దాకా, అక్కణ్ణించి భుజం దాకా వెంట్రుకలు వరసగా లేచి నిలబడేవి. బయట ఎండ మండిపోతుంటే ఆ చేతి మీద మాత్రం గగుర్పాటు. నిమిషంలో పోయేది.

"ఏదో మంచి పాట విన్నట్టుంది. పాటే వినపడటం లేదు" అందొకసారి. ఇద్దరూ నవ్వారు కూడా.

ఆ నెల పీలిక చూసినప్పుడు మాస్టరు నవ్వు ఆగిపోయింది. పన్నెండో కాజా దాకా ముడులు పలువరసలా ఉన్నాయి. పదమూడో కాజాలో ఒక కుట్టు అంచు దాటి బయటకు ఎగిరింది. పదిహేడులో మూడు. ఇరవై తర్వాత వాటిని కాజాలనడానికి ఆయనకు నోరు రాలేదు. కుడి చేతిలో సూది సరిగ్గానే ఉంది. బట్ట పట్టుకున్న ఎడమ చెయ్యే జారిపోతోంది. మూటలో కోట్లు తీసి చూశాడు. వాటి మీదా అంతే.

అవి అలాగే పంపితే షాపాయన ఏమంటాడో ఆయనకు తెలుసు. ఏమీ అనడు. మర్యాదగా మూట పంపడం మానేస్తాడు. ఆ తర్వాత ఆ కిటికీ పక్క కుర్చీలో ఈమె ఏం చేస్తుంది?

ఆమెకు రాత్రి నిద్ర కరువై మధ్యాహ్నాలు కునికేది. ఆ వేళ మాస్టరు కోట్లు తీసుకుని వెనక గదిలో కూర్చుని ఆమె కుట్టు విప్పి తనే కుట్టడం మొదలుపెట్టాడు. జన్మలో కాజా కుట్టిన చెయ్యి కాదు, కత్తెర పట్టిన చెయ్యి. వేలు సూదికి అలవాటు పడలేదు, కన్ను దారానికి ఆనలేదు. ఆయన కాజాలు కప్పను మింగిన పాముల్లా మధ్యలో ఉబ్బేవి.

"మాస్టరుగారూ, అమ్మ చెయ్యి కాస్త బరువెక్కినట్టుందే?" అన్నాడు షాపాయన.

"దారం మారిందిగా. ముతకగా వస్తోంది" అన్నాడు మాస్టరు. ఇంకో భుజం కింద ఇంకాస్త దూది.

కానీ ఆమెను మోసం చెయ్యడం అంత సులువా? ఒకనాడు మూట కట్టబోతూ ఒక కోటు అంచును వెలుతురుకు పెట్టి చూసింది.

"ఇది నేను కుట్టలేదు."

"నువ్వే కుట్టావు."

"నా బిడ్డ నాకు తెలియదా? ఎవతి కుట్టింది?"

"ఎవతేంటే?"

"అదే అడుగుతున్నా, ఎవతి?" గొంతు పెరిగింది. అంత గొంతు ఆమెది కాదు. ఆ నెలలోనే వచ్చిన గొంతు అది. కళ్ళలో నీళ్ళు, పెదవి ఎడమ కొస ఒక్కసారి లాగి వదిలింది.

నీ చెయ్యి పోయిందే, అందుకని నేను కుట్టాను. ఆ మాట నాలిక చివరి దాకా వచ్చింది. నలభై ఎనిమిదేళ్ళు ఆ చేతిని చూసి బతికినవాడు ఆ మాట ఎలా అంటాడు? చేతికందిన అబద్ధం తీసి కప్పాడు.

"ఒకావిడకిచ్చాను. కొన్ని. నీకు బరువవుతోందని."

ఆమె కోటు మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"ఎంత వయసుంటుంది?"

"ఏమో. నలభై ఉంటాయేమో."

"చెయ్యి బాగుండదు దానిది. ఇంత చెడ్డ చేతికి, నన్ను కాదని ఇచ్చావు." వేలితొడుగు తీసి డబ్బాలో పెట్టి మూత వేసింది. ఆ మూత చప్పుడు మాస్టరుకు చెంపదెబ్బలా తగిలింది. మర్నాడు పొద్దున ఆమె మామూలుగా లేచి, వేలితొడుగు పెట్టుకుని పీలిక తీసింది. నిన్నటి ఊసే లేదు. మరిచిపోయింది, బతికిపోయాను అనుకున్నాడు.

తర్వాతి నెలలో ఆమె దారి తప్పింది. ఎక్కడో కాదు. షాపు ఎదురుగా నిలబడి, పక్క మందుల దుకాణం ఆయన్ను "కోట్ల షాపు ఎటండీ?" అని అడిగింది. ఆయన చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చి దింపాడు. ఊరి అవతలి కొసన ఉంటూ పోస్టాఫీసులో పనిచేసే కూతురికి ఆ కబురు తెలిసింది. ఆదివారాలు వచ్చి వెళ్ళే పిల్ల, సెలవు పెట్టి వచ్చి తల్లినీ తండ్రినీ డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళింది.

బయట వరండాలో జనం. డాక్టరు పెన్ను మూత తీస్తూనే అడిగాడు: "ఎన్నాళ్ళ నుంచి?"

కూతురు తండ్రి వైపు చూసింది. "నాన్నా, పగలల్లా పక్కనుండేది నువ్వేగా. చెప్పు."

మాస్టరు చిన్నప్పుడు వాళ్ళింట్లో ఒక మేనత్త ఉండేది. ఆయనకు చొక్కా గుండీలు పెట్టి బడికి పంపిన మనిషి. ఒక వారంలో ఆమెకు మాట మారింది, నవ్వు మారింది. పెద్దవాళ్ళు డాక్టరుకు "ఉన్నట్టుండి ఇలా అయిందండీ" అని చెప్పారు. ఒక వ్యాను వచ్చింది. తలుపుకు బయట గడియ ఉన్న ఆసుపత్రికి తీసుకుపోయారు. మళ్ళీ ఆమెను ఎవరూ చూడలేదు. ఎనిమిదేళ్ళ పిల్లవాడి బుర్రలో ఆ రోజు ఒక సూత్రం పడిపోయింది. ఉన్నట్టుండి వస్తే పిచ్చి. మెల్లగా వస్తే ముసలితనం. పిచ్చివాళ్ళను తీసుకుపోతారు. ముసలివాళ్ళను ఇంట్లో ఉండనిస్తారు.

"రెండేళ్ళ నుంచండీ" అన్నాడు మాస్టరు. "మెల్లమెల్లగా."

"రెండేళ్ళా? నాకెప్పుడూ చెప్పలేదే!" అంది కూతురు.

"నిన్ను కంగారు పెట్టడమెందుకని."

సరిగ్గా అప్పుడే ఆమె చెయ్యి ఎగిరి బల్ల అంచుకు కొట్టుకుంది. డాక్టరు తలెత్తాడు. "అదేంటి?"

"అది చిన్నప్పటి నుంచీ అలవాటండీ ఆమెకు" అన్నాడు మాస్టరు.

ఆ గదిలో నిజం తెలిసినవాడు ఆయనొక్కడే. వయసుతో మెదడు అరుగుతుందనీ, మతిమరుపు జబ్బనీ, జాగ్రత్తగా చూసుకోమనీ చెప్పి డాక్టరు మాత్రలు రాశాడు. ఆయన తప్పేం లేదు. ఇచ్చిన కొలతలకే కోశాడు. దారిలో రిక్షాలో భార్య భుజం తన భుజానికి ఆనుతుంటే మాస్టరుకు ఎంత తేలికైందో! ఇంటికే తీసుకుపోతున్నాను, ఎవరూ తీసుకుపోలేదు అనుకున్నాడు.

నాలుగు నెలలు అలా గడిచాయి. మాత్రలు మింగుతూనే ఉంది, కిందకు జారుతూనే ఉంది. పొయ్యి ఆర్పడం మరిచిపోయేది. ఆర్పిన పొయ్యిని ఇంకో పదిసార్లు ఆర్పేది. కూతుర్ని తన తల్లి అనుకుని ఒక పూటంతా "అమ్మా, ఇవాళ షాపుకు రాను" అని మారాం చేసింది. అయినా పొద్దున్నే పీలిక తీయడం మాత్రం మానలేదు. ఒకనాడు టీ గ్లాసు బోర్లిస్తూ అలాగే కింద పడి, ఒళ్ళంతా గిలగిల కొట్టుకుంది. పది నిమిషాలకు గానీ తెలివి రాలేదు.

పెద్ద ఆసుపత్రిలో రక్తం తీసి, ఒంట్లో ఉప్పు ప్రమాదంగా పడిపోయిందన్నారు. అది ఎక్కించాక కూడా చెయ్యి ఎగరడం ఆగలేదు. రెండో రోజు మెదడు డాక్టరమ్మ వచ్చింది. ముప్ఫయ్యయిదేళ్ళుంటాయి. స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుంది. ఏమీ అడగలేదు. చూస్తూ కూర్చుంది, అంతే. మాస్టరుకు షాపులో కొత్త బట్ట వచ్చినప్పుడు కోయబోయే ముందు తను చూసే చూపు గుర్తొచ్చింది.

"అరగంటలో ఆరుసార్లు" అందామె చివరికి. "ఒకే పక్క. మొహమూ చెయ్యీ కలిసి. పెద్దాయనా, ఇది చిన్నప్పటి అలవాటని పాత కాగితంలో ఉంది. నిజమేనా? ఇదంతా మెల్లగా వచ్చిందా, ఉన్నట్టుండి వచ్చిందా? బాగా ఆలోచించి చెప్పండి. ఈ ఒక్కదాని మీదే చాలా ఆధారపడుంది."

"రెండేళ్ళ నుంచండీ" అంది కూతురు, తండ్రి మాట మీది నమ్మకంతో.

మాస్టరు లేచి నిలబడ్డాడు. "ఇప్పుడే వస్తాను" అని, చెప్పులు వేసుకోవడం కూడా మరిచి, ఇంటికి వెళ్ళి బిస్కెట్ల డబ్బాతో తిరిగొచ్చాడు. ఏడాది పీలికలు తీసి, మంచం మీద ఆమె కాళ్ళ దగ్గర ఒకదాని కింద ఒకటి పరిచాడు. ఆరు నెలల పీలికలు తిన్నగా ఉన్నాయి. ఏడో పీలిక దగ్గర డాక్టరమ్మ వేలు ఆగింది.

"ఇదేంటి?"

"రోజుకొకటి కుడుతుంది. విప్పదు. పదమూడో తారీఖు అది." ముందు కాజా మీదకు వేలు జరిపాడు. "ఆర్నెల్లు కూడా కాలేదండీ. పన్నెండో తారీఖు దాకా బంగారంలా ఉంది. నేనే అబద్ధం చెప్పాను. ఆ చెయ్యి అలవాటు కూడా కాదు."

డాక్టరమ్మ తిట్టలేదు. ఆ పీలికను రెండు చేతులతో ఎత్తి వెలుతురుకు పెట్టి, గుండె పరీక్ష కాగితం చదివినట్టు ఈ కొస నుంచి ఆ కొసకు చదివింది. తర్వాత నిదానంగా చెప్పింది. మన ఒంట్లో జబ్బులతో పోరాడే కాపలా ఒకటి ఉంటుంది. అరుదుగా అది పొరపడి మెదడు మీదకే తిరగబడుతుంది. పెద్ద వయసులో వస్తే అచ్చం ముసలి మతిమరుపులా కనిపిస్తుంది. జ్వరం ఉండదు, తలనొప్పి ఉండదు, మెదడు ఫొటో కూడా ఒక్కోసారి మామూలుగానే ఉంటుంది. ఇలా చెయ్యి ఎగరడం, వెంట్రుకలు లేవడం, ఉప్పు పడిపోవడం, ఇవే దాని జాడలు. చెయ్యి ఎగరడం నిజానికి చిన్న మూర్ఛ. మతిమరుపుకు మందు లేదు, దీనికి ఉంది.

"రక్తం పై పరీక్షకు పంపుతాను. జవాబొచ్చేదాకా ఆగను. మందు ఇవాళే మొదలుపెడదాం."

"ముందే వచ్చుంటే?" అని అడిగాడు మాస్టరు.

ఆమె పీలికను మళ్ళీ మంచం మీద పరిచింది. "ముందే వస్తే ఇంకాస్త మిగిలేది. ఎంతో నేను చెప్పలేను."

వరండాలో కూతురు గోడకు ఆనుకుని నిలబడింది. "నాకైనా చెప్పొచ్చు కదా నాన్నా" అంది. కోపంగా అన్నా బాగుండేది. ఆ తర్వాత మూడు వారాలు ఆమె తండ్రికి అన్నం పెట్టింది, మందుల చీటీ చేతిలో పెట్టింది, మాట మాత్రం పెట్టలేదు.

మందు ఎక్కిన నాలుగో రోజు చెయ్యి నిలిచింది. మాస్టరు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. గంట. రెండు గంటలు. దుప్పటి మీద నిద్రపోతున్న పిల్లలా ఉంది. రక్తం జవాబు కూడా డాక్టరమ్మ అనుకున్నట్టే వచ్చింది. నెల తిరిగేసరికి ఆమె ఇంటికొచ్చి, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, పీలిక తీసి ఒక కాజా కుట్టింది. పలువరస. మాస్టరు వెనక గదిలోకి వెళ్ళి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

చెయ్యి వచ్చింది కానీ రోజు నిలవలేదు. పాతదంతా ఉంది. కోటూ, గింజంత తేడా, మిషనూ, కూతురి పురుడూ అన్నీ చెప్పేది. కొత్తది మాత్రం చిల్లు జేబులో వేసిన చిల్లరలా జారిపోయేది. పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి ఉండేది కాదు. ఆసుపత్రి లేదు, డాక్టరమ్మ లేదు. జబ్బుపడ్డ ఆ నెలలన్నీ తుడిచిపెట్టుకుపోయాయి, ఒక్క ముక్క తప్ప.

ఇంటికొచ్చిన వారానికి, కాజా కుట్టడం ఆపి అడిగింది: "ఆవిడ ఇంకా వస్తోందా?"

"ఎవరు?"

"నా పని ఎవరికో ఇచ్చావుగా. నలభై ఏళ్ళావిడ."

మాస్టరు ఆమె ఎదురుగా కింద కూర్చున్నాడు. అంత పెద్ద వరదలో ఇల్లు పోయింది, వాకిలి పోయింది, తను విసిరిన ముల్లు మాత్రం కొట్టుకుపోలేదు.

"ఎవరూ లేరే. అబద్ధం చెప్పాను. అవి నేనే కుట్టాను."

"నువ్వా? నీకు కాజా వచ్చా?" నమ్మలేదు. "పోనీలే, దాచిపెట్టకు. నాకు మాత్రం వయసు రాలేదా?"

ఆయన సూది తీసుకున్నాడు. ఆమె కళ్ళ ముందే, అదే పీలిక మీద, ఆమె కాజా పక్కన తనొకటి కుట్టాడు. అరగంట పట్టింది. ఆమె మెడ సాచి చూస్తూనే ఉంది. అయ్యాక పీలిక లాక్కుని గోటితో గీకింది. మొహం విచ్చుకుంది.

"అయ్యో, ఈ దరిద్రపు కాజా నీదా! దీనికోసమా నేనంత ఏడ్చాను? పాము కప్పను మింగినట్టుందయ్యా!" కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "మరి అప్పుడే చెప్పొచ్చుగా?"

"నీ చెయ్యి తప్పుతోందని నీకెలా చెప్పను?"

ఆమె నవ్వు ఆపి, ఆయన చెయ్యి పట్టుకుని బొటనవేలి మీది సూది పోట్లు చూసింది. ఆ రోజంతా మాస్టరు గాల్లో నడిచాడు.

మర్నాడు పొద్దున టీ గ్లాసు బోర్లించి వచ్చి కూర్చుని, "ఆవిడ ఇంకా వస్తోందా?" అంది.

అలా మొదలైంది. ప్రతి పొద్దునా అదే ప్రశ్న. ప్రతి పొద్దునా ఆయన సూది తీసేవాడు. పీలిక మీద రోజుకు రెండేసి కాజాలు పడ్డాయి, ఒకటి ఆమెది, ఒకటి ఆయనది. ఒక్కోరోజు నవ్వేది. ఒక్కోరోజు "అబద్ధమాడి ఇన్నాళ్ళు ఏడిపించావా" అని గోడ వైపు తిరిగి పడుకునేది. ఒకనాడు "నేను చచ్చానో బతికానో నీ కాజా మాత్రం బాగుపడదు" అని, వేలు పట్టుకుని సూది ఏ కోణంలో దూర్చాలో నేర్పింది. ఏ రోజు మాట ఆ రోజుకే. ఏది ఆమె అసలు మాటో మాస్టరుకు ఎప్పటికీ తేలలేదు.

"ఇంక చెప్పకు నాన్నా. రోజూ కొత్తగా బాధపెట్టడమెందుకు?" అంది కూతురు. ఆమె అప్పటికి మాట్లాడుతోంది.

"ముల్లు రోజూ కొత్తగా గుచ్చుకుంటోందే అమ్మా. రోజూ తీయొద్దూ?"

కూతురు ఆ ఆదివారం కూర్చుని తండ్రి కుట్టడం చివరిదాకా చూసి వెళ్ళింది.

తొమ్మిది నెలలు. మెదడును కాపాడే మందులే ఒంటి కాపలాను తగ్గిస్తాయని, జలుబు కూడా జాగ్రత్త అని డాక్టరమ్మ మొదటే చెప్పింది. చలికాలంలో ఆమెకు దగ్గు పట్టుకుంది. మూడో రోజుకు ఊపిరి గురగురలాడింది. మళ్ళీ అదే ఆసుపత్రి.

అయిదో రోజు పొద్దున ఆమె కళ్ళు తెరిచింది. ముక్కుకు గొట్టం, చేతికి గొట్టం. మాస్టరు వంగి ఆమె నోటి దగ్గర చెవి పెట్టాడు.

"ఆవిడ... ఇంకా వస్తోందా?"

ఆయన చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది. సూదీ దారమూ లేవు. ఆ గదిలోకి రానివ్వరని నర్సు ముందు రోజే తీసి పక్కన పెట్టేసింది. పీలిక ఇంట్లో ఉంది.

"ఎవరూ లేరే. నేనే. ఒట్టు, నేనే."

మాటలతో ఆమె ఎప్పుడు నమ్మింది గనక? తల అడ్డంగా ఆడించింది. కోపం లేదు. చాలా దూరం నడిచి వచ్చి చెట్టు నీడన కూర్చున్న మనిషి మొహంలా ఉంది.

"దాని చెయ్యి బాగుపడుతోందయ్యా. చూశాను." ఊపిరి కోసం ఆగింది. "మధ్యలో అంత లావు రావడం లేదు ఈమధ్య. నా వేలితొడుగు దానికివ్వు. వేలు గుచ్చుకుంటోంది పాపం."

మాస్టరు నోరు తెరిచాడు. లేదు, నేనే, నేనే అని మళ్ళీ అనాలి. ఆమె ఆయన జవాబు కోసం చూస్తోంది.

"ఇస్తాను" అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఆమె పోయింది.

రెండు వారాల తర్వాత కూతురు పొద్దున్నే వచ్చేసరికి తలుపు తీసే ఉంది. టీ గ్లాసు బోర్లించి ఉంది. కిటికీ పక్క కుర్చీలో తండ్రి కూర్చుని, పీలిక ఎడమ చేత్తో బిగించి పట్టుకుని కుడుతున్నాడు. గుంటలు పడ్డ వేలితొడుగు ఆయన నడిమి వేలికి పట్టక చిటికెన వేలికి పెట్టుకున్నాడు.

"ఏంటి నాన్నా ఇది?"

"ఆవిడకిమ్మంది. ఇచ్చాను" అన్నాడు తలెత్తకుండా.

కూతురు పక్కన కింద కూర్చుంది. ఆయన చివరి ముడి వేసి, దారం తెంపి, పీలికను వెలుతురుకు పెట్టాడు. ఒక కుట్టు అంచు దాటి బయటకు పోయింది.

"గింజంత" అంది కూతురు మెల్లగా.

"రెండు గింజలు."

విప్పడానికి కత్తెర అందుకున్నాడు. కాసేపు దాన్ని చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత కత్తెర కింద పెట్టి, పెన్సిలు తీసి, పీలిక చివర నెల రాశాడు.